చివికిన పడవలో కొత్త చెక్క

షెడ్డు తలుపుకి వేసిన లక్క సీలు చెక్కుచెదరలేదు. ఆ మాట నా నోటితో అనిపించాకే ఇన్‌స్పెక్టర్ దాన్ని పగలగొట్టాడు.

"బాగా చూసుకోండి డిటెక్టివ్ గారూ. ప్రమాదం జరిగిన రాత్రే నేను దగ్గరుండి వేయించిన సీలు. పోయిన వారం ఇన్సూరెన్స్ సర్వేయర్ కోసం ఒక్కసారి తీశాం, నా కళ్ళముందే మళ్ళీ వేశాం. రేపు కోర్టులో ఎవరో లోపల దూరి ఏదో మార్చారని కథలల్లితే ఒప్పుకోను."

"కథలల్లే తీరిక నాకెక్కడిది? పడవ కర్ర చూసి పోతాను."

"కర్ర సర్వేయర్ చూశాడు. రాయిలా ఉందన్నాడు."

"తివాచీ లేపి చూశాడా, తివాచీ మీద నడిచి చూశాడా?"

ఆయన చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఈయన్ని స్టేషన్లో చాటుగా ఇస్త్రీ సారు అంటారు. చొక్కా మీద మడత, మాటలో అనుమానం, రెండూ గిట్టవు ఆయనకి. మడతలతో నాకు పేచీ లేదు గానీ, అనుమానం అనేది లేని మనిషిని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇంతకు ముందు కూడా ఆయనా నేనూ ఢీకొన్నాం. ఆయన గెలిచినవి ఆయనకి గుర్తున్నాయి, నేను గెలిచినవి నాకు గుర్తున్నాయి.

నా పక్కన టార్చి పట్టుకుని నిలబడిన నర్సు నాకు ఈ కేసు అప్పగించిన మనిషి. లోపలున్న స్కీ పడవని ఆ రోజు నడిపింది ఆమె తమ్ముడు. మూడు వారాలుగా జైల్లో ఉన్నాడు. రేపు పొద్దున ఛార్జిషీటు. తల్లీ తండ్రీ లేకపోతే ఆ కుర్రాణ్ణి పెంచి పెద్దచేసింది ఈ అక్కే.

"మీ తమ్ముడు చెప్పింది ఇంకోసారి చెప్పండి" అన్నాను. నాకోసం కాదు, ఇన్‌స్పెక్టర్ చెవిలో పడాలని.

"మావాడు పడవ నడుపుతున్నాడు మేడమ్. ఈ పడవ కట్టిన మేస్త్రి గారి అల్లుడు కాళ్ళకి స్కీ పలకలు తొడుక్కుని, తాడు పట్టుకుని వెనకాల వస్తున్నాడు. మలుపు తిప్పుతుంటే వీపు వెనకాల టక్కుమందట. చూస్తే పడవలో తాడు కట్టే స్తంభం జానెడు పైకి లేచి వెనక్కి వాలిపోయింది. తాడు వదులైపోయింది. ఆ వెంటనే స్తంభం మళ్ళీ దాని కన్నాల్లోకి అదే దిగిపోయిందట. ఆయన మాత్రం నీళ్ళ మీద లేడు. చీకటి పడేదాకా వెతికాడు మేడమ్, ఒట్టు."

"మూడో రోజు శవం తేలింది, నుదుటి మీద దెబ్బతో" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "స్కీ తగిలిందని వీళ్ళంటారు, తెడ్డుతో కొట్టాడని నేనంటాను. ముందు రోజు అల్లుడూ డ్రైవరూ కాలర్లు పట్టుకున్నారు, చూసినవాళ్ళున్నారు. ఇక స్తంభం సంగతంటారా, పోయిన వారం సర్వేయర్ ముందు ఇద్దరు కానిస్టేబుళ్ళు వేలాడినా కదల్లేదు. స్తంభం అబద్ధం చెబుతోందా, మనిషి చెబుతున్నాడా?"

కేసంతా ఇంతే. స్తంభం కింద చెక్క చివికి ఉంటే డ్రైవర్ చెప్పింది నిజం. గట్టిగా ఉంటే అతను అబద్ధాలకోరు, ఆపైన హంతకుడు.

"మీరు కర్ర తడుతూ ఉండండి" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుంటూ. "ఈ పడవకి జత ఇంకోటుంది. ఇదే మేస్త్రి, ఇదే కర్రతో, ఒకేసారి కట్టినవి. నాలుగున్నరకి రేవులో ఆ రోజు జరిగింది జరిగినట్టు చేయించబోతున్నా. స్టీరింగ్ దగ్గర మీ డ్రైవరే, జైలు నుంచి రప్పించా. తాడుకి మనిషి బదులు ఇసక బస్తా. ఏ వేగానికి ఏ స్తంభం లేస్తుందో నా కళ్ళతో చూస్తా."

వెళ్తూ వెళ్తూ ఒక కానిస్టేబుల్ని తలుపు దగ్గర కాపలా పెట్టాడు. సీలున్న షెడ్డుకే కాపలా అక్కర్లేదనుకున్న మనిషి, నాకు మాత్రం కాపలా పెట్టాడు.

షెడ్డు మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. మేస్త్రి కూతురు, పోయినవాడి భార్య. ముప్ఫై నిండాయో లేదో. ఒంటి మీద మగవాళ్ళ రెయిన్‌కోటు, చేతులు కనబడనంత పొడుగు చేతులున్నది. వాన లేదు.

"రోజూ సాయంత్రం ఇక్కడే కూర్చుంటున్నారట" అన్నాను.

"ఊఁ."

"ఎందుకు?"

"లోపల చప్పుడవుతుంటే."

నర్సు నా భుజానికి దగ్గరగా జరిగింది.

"ఎలాంటి చప్పుడు?"

"తట్టినట్టు. డాక్టర్లు వీపు మీద తట్టి చూస్తారు చూడండి, అలా. కాసేపు తట్టి ఆగుతుంది. మళ్ళీ ఇంకోచోట. మా ఆయనేమో అనుకున్నా. ఒకరోజు నేనూ తలుపు మీద మూడుసార్లు తట్టి, నువ్వేనా అని అడిగా."

"అడిగితే?"

"లోపల్నించి మూడుసార్లు తట్టారు."

పాలవాడు వచ్చి వెళ్ళాడని చెప్పినట్టు చెప్పింది. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అయినా మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. నమ్మకం లేని వాళ్ళకి కూడా మెడ ఉంటుంది కదా.

"భయం వెయ్యలేదా అమ్మా?"

"ఇప్పుడెందుకు భయం? బతికున్నప్పుడు వేసేది."

లేచి నిలబడి కోటు చేతులు పైకి మడుచుకుంది. నేను చూసినవాటిలో అంత సన్నటి మణికట్లు లేవు. ఎడమ చేతి రెండు వేళ్ళు పక్కకి ఒరిగి అతుక్కున్నాయి.

"వేళ్ళకేమైంది?"

"తలుపులో పడ్డాయి." మెట్లు దిగింది. "రేవుకి వెళ్ళాలండీ. పడవలో కూర్చోమన్నారు సారు. మా పడవల తీరు తెలిసిన మనిషి పక్కనుండాలట."

ఆమె వినబడనంత దూరం వెళ్ళేదాకా ఆగి నర్సు అంది. "తలుపు కాదు మేడమ్. కట్టు కట్టింది నేనే. తలుపులో పడితే వేలు చితుకుతుంది. అవి వెనక్కి విరిచినవి. అంతకు ముందు ఇంకోసారి పక్కటెముకతో వచ్చింది."

"ఎవరు చేశారో చెప్పిందా?"

"అడిగితే గోడకేసి చూసింది."

లోపల దీపం లేదు. షెడ్డు సగం నేల మీద, సగం నీళ్ళ మీద కట్టారు. పడవని నీళ్ళలోకి దించే వైపు ఇంకో పెద్ద తలుపుంది, దానికి లోపల్నుంచి గడియ. కింద సరస్సు నీళ్ళు చెక్క గోడని నాకుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. వెలుతురంతా ఆ నీళ్ళ మీద నుంచే వచ్చి కప్పు మీద కదులుతోంది, పైనెవరో నడుస్తున్నారేమో అనిపించేలా. వర్షాకాలంలో మూసి ఉంచిన గదిలో వచ్చే పుట్టగొడుగు వాసన గుప్పుమంది. ఆ వాసన నాకు తెలుసు. ఈ వృత్తిలోకి రాకముందు పన్నెండేళ్ళు పడవల సర్వేయర్‌గా పనిచేశాను. ఆ వాసన పీల్చి పీల్చే నాకీ తుమ్ములు.

పడవల మేస్త్రి సీలు పగలగానే లోపలికొచ్చి మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ రమ్మని కబురు పెట్టాడు. అరవై దాటిన మనిషి, ఎండిన ఒళ్ళు, ఆగని దగ్గు. మమ్మల్ని చూసి లేచాడు గానీ చూపు మాత్రం పడవ మీదే ఉంది.

"ఇరవై ఏళ్ళ పడవమ్మా. అయినా నా చేతి పడవలో చివుకుండదు."

"అందరు మేస్త్రీలూ అదే అంటారు."

"అందరి పడవలూ మునుగుతాయి. నావి ఇప్పటిదాకా మునగలేదు."

ఇలాంటి పడవ పైకి పెళ్ళికూతురులా ఉంటుంది. మెరిసే ఫైబర్ తొడుగు, పైన రంగు, లోపల తివాచీ. అసలు బలమంతా ఆ తొడుగు లోపల దాక్కున్న చెక్క దూలాల్లో ఉంటుంది. ఇంజను వాటి మీదే కూర్చుంటుంది, స్తంభం వాటికే దిగుతుంది. ఎప్పుడో బిగించిన ఒక మేకు పక్కనుంచి నీటిచుక్క లోపలికి పోతే మళ్ళీ బయటికి రాదు. ఏళ్ళ తరబడి లోలోపల తింటుంది. బయటికి చుక్క మరక కూడా కనబడదు.

ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తితో వెనక నుంచి మొదలుపెట్టాను. మంచి కర్ర అయితే టక్కుమని తిరిగి పలుకుతుంది. ఇది పలకలేదు. డబ్. ఇంకో జానెడు ముందుకి. డబ్. తడి బస్తాని కొట్టినట్టు.

"బాగా తడతారమ్మా" అన్నాడు మేస్త్రి వెనకనుంచి. మెప్పు కాదది. ఆ గొంతులో నాకు భయం వినబడింది.

తేమ మీటరు పెట్టాను. ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది. ఇంజను పక్కన బోల్టుని రెండు వేళ్ళతో తిప్పితే తిరిగింది. అక్కడే దూలానికి సన్నటి డ్రిల్లుతో కన్నం పెట్టాను. బరమా లోపలికి దానంతటదే పోయింది, నేను నొక్కనే లేదు. బయటికి లాగేసరికి కన్నంలోంచి నల్లటి నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. ఆగలేదు. మూడు వారాలుగా నీళ్ళలో లేని పడవ అది.

"పుండు చితికినట్టుంది మేడమ్" అంది నర్సు గుసగుసగా. తర్వాత ఆమె మొహం విప్పారింది. "అయితే మావాడు చెప్పింది నిజమేగా?"

"అప్పుడే సంబరపడకండి. స్తంభం దగ్గరికి పోనివ్వండి."

స్తంభం పడవ నడుమ, డ్రైవర్ సీటు వెనకాల నిలబడి ఉంది. దాని పాదం పక్కన నేల చెక్కలో గుండ్రటి మూత. కింద బోల్టులకి బిగించే నట్లు అందుకోవాలంటే దారి అదొక్కటే. మూత తిప్పి తీసి చెయ్యి పెట్టాను. నా చెయ్యి వేళ్ళ మొదళ్ళ దగ్గరే ఇరుక్కుంది. నాది చెయ్యి కాదు, రోకలి. నర్సు ప్రయత్నించింది. ఆమెకీ బొటనవేలి మొదలు అడ్డం పడింది.

"మీ తమ్ముడి చెయ్యి ఎలా ఉంటుంది?"

"వాడిదా? గాజుల కొలత కాదు మేడమ్, గద కొలత" అంది. జైల్లో ఉన్నవాణ్ణి తలుచుకుని నవ్వినందుకు వెంటనే సిగ్గుపడింది.

సరే, పైనుంచే చూద్దామని స్తంభం మొదట్లో తట్టాను.

టక్.

మళ్ళీ తట్టాను. టక్. రాయిలా పలికింది. చుట్టూ నాలుగు వైపులా తట్టాను, అన్నీ టక్కులే. డ్రిల్లు పెడితే ఈసారి బరమా మొరాయించింది. నొక్కితే లేత పసుపు రంగు పొట్టు రేకలు రేకలుగా పైకి వచ్చింది. పొడిగా, శుభ్రంగా.

"మంచి కర్రా మేడమ్?"

అబద్ధం చెప్పాలనిపించింది. "మంచి కర్రే" అన్నాను.

టార్చి వెలుగు మెల్లగా కిందికి జారి నర్సు చెప్పుల మీద ఆగింది. పడవంతా కుళ్ళి, సరిగ్గా కావలసిన ఆ ఒక్క చోట గట్టిగా ఉంటే, ఇస్త్రీ సారు రేపు కోర్టులో నన్ను పిండి ఆరేస్తాడు. ఈ అక్కకి తమ్ముడు దక్కడు.

మేస్త్రి దగ్గాడు. "చెప్పానుగా అమ్మా. నా కర్ర మోసం చెయ్యదు."

ఆ మాట అనకుండా ఉంటే నేను లేచి వెళ్ళిపోయేదాన్నేమో. ఏ మేస్త్రి అయినా తన పడవలోంచి నల్లటి నీళ్ళు కారడం కళ్ళారా చూసి తన కర్ర మంచిదంటాడా? నేను ఆ పొట్టు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కోత మిల్లులో నిలబడ్డట్టు కొత్త చెక్క వాసన. ఇరవై ఏళ్ళ కర్రకి ఆ వాసనెలా వస్తుంది? జానెడు అవతల తేమ మీటరు ముల్లు కొట్టుకుంటుంటే, ఇక్కడ మూడు వైపులా నీళ్ళు పెట్టుకుని ఈ ముక్క పొడిగా ఎలా ఉంది?

తివాచీ అంచు పట్టుకుని లాగాను. మిగతా చోట్ల దాని జిగురు ఎండి పొడి రాలుతోంది. ఇక్కడ సాగింది. కింద నేల చెక్కని చతురస్రంగా కోసి, మళ్ళీ మూసి, పైన ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ జిగురు పోశారు. గోటితో నొక్కితే చిన్న గుంట పడింది. ఈ చెమ్మలో అది ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. మూత కన్నంలోంచి టార్చి వాలుగా వేసి చూశాను. పాత కర్రకీ కొత్త కర్రకీ మధ్య పొడుగాటి ఏటవాలు అతుకు, మధ్యలో వెంట్రుక పట్టే సందు లేదు. మూలలు గుండ్రంగా చెక్కారు. ఎవరికీ కనబడని మూలలు అవి.

"ఈ పని జరిగి రెండు వారాలు కూడా కాలేదు" అన్నాను. "మూడు వారాలుగా పడవ సీలు లోపలుంది."

నర్సు టార్చి పైకెత్తింది. మేస్త్రి కూర్చున్న చోటే ఉన్నాడు.

"మేస్త్రి గారూ, ఈ సరస్సు చుట్టుపక్కల ఇలాంటి అతుకు వెయ్యగలిగిన చెయ్యి ఇంకోటుందా?"

ఉందని ఒక్క మాట అంటే తప్పించుకునేవాడు. నోరు తెరిచాడు కూడా. కానీ ఆ పని ఇంకొకడు చేశాడని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

"పోలీసులు నేల వైపు తలుపుకే సీలు వేశారు. నీళ్ళ వైపు తలుపు నీళ్ళకి జానెడు ఎత్తులోనే ఆగిపోతుంది. నడుము లోతు నీళ్ళలో దిగి, తల ముంచి లేస్తే లోపలుంటారు. ఆ దగ్గు అక్కడ అంటుకుందేనా?"

"ముసలాళ్ళకి దగ్గు రాదా అమ్మా."

"వస్తుంది. నాకొక్కటే అర్థం కావట్లేదు. దాచాలంటే కన్నాల్లో ఇంత జిగురు ముద్ద కుక్కి, పెద్ద వాషర్లు వేసి బిగిస్తే సరిపోయేది. గంట పని. మీరు రోజుల తరబడి వచ్చి, కుళ్ళంతా తవ్వి, అతుకేసి, మూలలు చెక్కారు. అబద్ధాన్ని కూడా ఇంత శుభ్రంగా చేస్తారా ఎవరైనా?"

ఆయన చూపు ఆ అతుకు మీద నుంచి కదల్లేదు. మేస్త్రీల మౌనం నాకు కొత్త కాదు. ముఖం మీద కొట్టినట్టు అడిగితే ఇంకా బిగుసుకుంటారు. ఫోనులో టైము చూశాను. నాలుగున్నర కావస్తోంది.

"పోన్లెండి. ఇక్కడ మీరు సరిచేశారు. జత పడవలో కూడా సరిచేసే ఉంటారుగా. రేవులో ఇప్పుడు దాన్నే తిప్పుతున్నారు, ఆ రోజు వేగంతోనే."

"తిప్పనీ. బస్తానేగా కట్టింది."

"బస్తా వెనకాల. మీ అమ్మాయి పడవలో."

స్టూలు పడిపోయింది. ఆయన ఎప్పుడు లేచాడో నేను చూడలేదు.

"అమ్మాయా? అది ఎందుకెక్కింది? ఎవరెక్కమన్నారు?" నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకి నాకు నొప్పి పుట్టింది. "ఆపమనండి అమ్మా. దాని కర్ర ఇంతకన్నా అధ్వానం. నేను ముట్టుకోలేదు దాన్ని. స్తంభం ఊడితే పక్కనున్న మనిషి తల లేచిపోతుంది. ఫోన్ చెయ్యండి."

అప్పటికే ఇన్‌స్పెక్టర్ నంబరు నొక్కాను. మోగుతోంది. ఎత్తట్లేదు.

"చెప్పండి" అన్నాను. "ఆయన ఎత్తేలోగా మొత్తం చెప్పండి."

"చెప్పడానికేముంది? నా కర్ర నా అల్లుణ్ణి చంపింది." చొక్కా అంచుతో మొహం తుడుచుకున్నాడు. "ఆ రాత్రే అనుమానమొచ్చింది. మర్నాడు సాయంత్రం నీళ్ళలోంచి వచ్చి తట్టి చూశా. ఎక్కడ తట్టినా డొల్ల. నలభై ఏళ్ళు చివుకుండదు, చివుకుండదని అందరికీ చెప్పుకుని తిరిగానమ్మా. ఏం మొహం పెట్టుకుని చెప్పను? స్తంభం గట్టిగా నిలబెడితే చాలనుకున్నా. కానీ కుళ్ళిన కర్రకి బోల్టు బిగించడానికి చెయ్యి ఒప్పుకోలేదు. ఎంత తవ్వినా మంచి కర్ర దొరకదే. దొరికేదాకా తవ్వా."

"మా తమ్ముడు జైల్లో ఉన్నాడు" అంది నర్సు. అరవలేదు. "మీరు మూలలు చెక్కుతున్నన్నాళ్ళూ వాడు జైల్లో ఉన్నాడు."

మేస్త్రి ఆమె వైపు చూడలేకపోయాడు.

"మీ అమ్మాయి తలుపు తట్టినప్పుడు?" అన్నాను.

"ఊపిరాగిపోయింది. మొగుడి కోసమే అడుగుతోంది పిచ్చితల్లి. తట్టకపోతే తలుపు తియ్యమని జనాన్ని పోగేస్తుందేమోనని తట్టా. పాపం చేశానమ్మా."

ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. ఆ మధ్యలో, ఊరికే ఉండలేక, పాత అలవాటు కొద్దీ అడిగాను.

"మీరు నేల కోసి తెరిచినప్పుడు బోల్టులెలా ఉన్నాయి?"

"కన్నాల్లోనే ఉన్నాయి. నాలుగూ."

"వాటి నట్లు?"

"లేవు. లాగిన ఊపుకి ఊడి అడుగున పడుంటాయనుకున్నా."

"అడుగున వెతికారా?"

"వెతికా. కనబళ్ళేదు."

"బోల్టుల మరలు అరిగిపోయాయా? చెరిగిపోయాయా?"

"లేదమ్మా, కొత్తవాటిలా ఉన్నాయి. అవే కడిగి మళ్ళీ వేశా, కొత్త నట్లతో..." ఆయన గొంతు మెల్లమెల్లగా తగ్గి ఆగిపోయింది. కర్ర మనిషి ఆయన. కర్ర కుళ్ళిందని తెలిసిన క్షణం నుంచి ఇనుము వైపు చూడలేదు. నేను అడిగితే ఇప్పుడు చూస్తున్నాడు.

కుళ్ళు చెక్కని తింటుంది. నట్టుని విప్పదు. ఊపుకి ఊడిపోతే మరలు చితికిపోవాలి. మరలు కొత్తగా ఉన్నాయంటే నట్లని ఒక చెయ్యి తీరుబడిగా తిప్పి తీసింది. నేల కొయ్యకుండా, ఆ మూత కన్నంలోంచి. నా చెయ్యి పట్టలేదు. నర్సు చెయ్యి పట్టలేదు. డ్రైవర్ చెయ్యి పట్టే ప్రశ్నే లేదు.

"మీ చెయ్యి ఈ కన్నంలో పడుతుందా?"

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"మరి ఏటేటా ఆ నట్లు బిగించేదెవరు?"

ఆయన ఆ గుండ్రటి కన్నం కేసి చూస్తూ ఉండిపోయాడు. కప్పు మీద నీళ్ళ వెలుగు ఆయన తల మీదుగా కదులుతోంది. జవాబు నాకు ముందే తెలిసిపోయింది. అయినా ఆయన నోట రావాలి.

"అమ్మాయి" అన్నాడు. "చిన్నప్పట్నుంచీ అదే. దాని చెయ్యొక్కటే పడుతుంది."

ఆ సాయంత్రాలు ఆమె ఈ మెట్ల మీద కూర్చున్నది మొగుడి ఆత్మ కోసం కాదు. స్తంభం దగ్గర పనిచేస్తున్నదెవరో, ఏం చూశారో తెలుసుకోవడానికి. మూడుసార్లు తట్టింది అందుకే. ఇవాళ సుత్తీ డ్రిల్లూ పట్టుకుని లోపలికొచ్చిన నన్ను కూడా చూసింది. స్తంభం లేచిందని చెప్పే సాక్షి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు, ఆ డ్రైవరు. అతను లేకపోతే నట్ల సంగతి ఇంకెవరూ అడగరు.

ఫోను ఎత్తారు.

"ఏంటండీ, పని మధ్యలో" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"పడవ ఆపండి. పడవలో ఎవరెవరున్నారు?"

"డ్రైవరూ, ఆవిడా. ఇద్దరే."

"కానిస్టేబుల్ని ఎక్కించలేదా?"

"ఎక్కిద్దామనే అనుకున్నా. బరువు పెరిగితే ఆ రోజులా రాదని ఆవిడే వద్దంది. అసలు పడవెక్కుతానని అడిగింది కూడా ఆవిడే. డ్రైవర్ పారిపోతాడని మీకేం బెంగ అక్కర్లేదు, వాడి చేతికీ స్టీరింగుకీ కలిపి బేడీ వేశాను."

నర్సుకి ఆ మాటలు వినబడ్డాయి. నా చేతిలో ఫోను మీదికి వంగింది.

"వెనక్కి పిలవండి. ఇప్పుడే" అన్నాను.

"పిలవక్కర్లేదు, ఆగింది. నడి సరస్సులో ఇంజను ఆపేశారు. అదేంటి మరి, అలా అనుకోలేదే..." బైనాక్యులర్స్ సర్దుకుంటున్న చప్పుడు. "ఆవిడ సీటు దిగింది. మోకాళ్ళ మీద కూర్చుని అడుగున చెయ్యి పెట్టింది. ఏదో తీసింది. నీళ్ళలో పారేసింది. కోటు విప్పుతోంది."

"అడుగున ఏముంటుంది?" అని మేస్త్రిని అడిగాను.

ఆయన నీళ్ళ వైపు తలుపుకేసి తిరిగాడు.

"బిరడా" అన్నాడు. "నిలవ నీళ్ళు వదిలే బిరడా. అది తీస్తే సరస్సు లోపలికొస్తుంది. అమ్మాయి ఈదుతుంది."

నర్సు నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"సార్, ఆ బేడీ తాళం చెవి ఎక్కడుంది?"

అటువైపు బైనాక్యులర్స్ కింద పెట్టిన చప్పుడైంది. నాకు తెలిసినన్నాళ్ళలో మొదటిసారి ఆయన గొంతులో అనుమానం పలికింది.

"నా జేబులో ఉందమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టర్.